కాలికి కొలిచిన సైకిలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కున పెరిగిన మా తరం పిల్లల్లో సీటు మీద కూర్చుని సైకిలు నేర్చుకున్నవాడు నాకు ఒక్కడూ తెలియదు. అందరం కైంచీ తొక్కినవాళ్ళమే. కైంచీ అంటే ఉర్దూలో కత్తెర. పెద్దవాళ్ళ సైకిలుకు ఎడమ పక్కన నిలబడి, బారు కింది సందులోంచి కుడికాలు అవతలికి దూర్చి, ఎడమ చేత్తో హ్యాండిలు పట్టుకుని, సీటును కుడి చంకలో ఇరికించుకుని, పెడల్‌ను సగం సగం కొట్టుకుంటూ పోవడం. సీటెక్కితే కాలందదు. కాలందేలా ఎదిగేదాకా ఆగే ఓపిక ఎవరికుంది?

కైంచీ తొక్కే పిల్లవాణ్ణి వెనకనుంచి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. వాడు ఎడమకు వేలాడుతుంటాడు, సైకిలు కుడికి ఒరిగి ఉంటుంది. ఇద్దరి బరువూ కలిపితే వచ్చే గరిమనాభి రెండు టైర్లు నేలను తాకే గీత మీదికి రావాలి, లేకపోతే ఇద్దరూ కింద పడాలి. సైకిలు 20 కిలోలు, పిల్లవాడు 25. దాదాపు సరిసమానమైన తక్కెడ. అందుకే సైకిలు అంతగా ఒరగాల్సి వస్తుంది. ఈ లెక్క వాడికి ఎవరూ చెప్పరు. రెండుసార్లు మోకాళ్ళు చెక్కుకుపోయాక ఒళ్ళే నేర్చుకుంటుంది.

దాంతోపాటు ఇంకో పాఠం కూడా ఒంటికి పట్టింది. సైకిలు మనకు కుదరదు, మనమే దానికి కుదరాలి. పెద్దయ్యాక కూడా చాలామందిమి ఆ పాఠం మరిచిపోలేదు. నడుము నొచ్చినా, మోకాలు గుంజినా వయసు అనుకున్నాం, బరువు అనుకున్నాం, రోడ్డు అనుకున్నాం. సీటు ఒక బెత్తెడు లేపి చూద్దామని తోచలేదు.

ఇంతకీ ఆ సైకిలు ఎవరి ఒంటి కొలత? మన ఊళ్ళలో తిరిగిన నల్ల సైకిలు పుట్టుక ఇంగ్లండుది. చెన్నైలో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. పేర్లు మారినా ఆకారం దాదాపు ఒకటే. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, స్ప్రింగుల సీటు, 22 లేదా 24 అంగుళాల ఫ్రేము. 22 అంగుళాల ఫ్రేమునే తీసుకుంటే, కాళ్ళ మధ్యకు వచ్చే బారు నేల నుంచి 80 సెంటీమీటర్లు దాటుతుంది. అయిదడుగుల అయిదంగుళాల మగమనిషికి గజ్జల నుంచి మడమ దాకా 76 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే మన నేతగాడు, మన రైతు తన సొంత సైకిలు మీద రెండు కాళ్ళూ నేలకు ఆనించి నిలబడలేడు. ఒక పక్కకు వంచి, ఒంటికాలి మీద ఆగాలి. మా బాపు ఎప్పుడూ అలాగే ఆగేవాడు. అది ఆయన ఠీవి అనుకునేవాణ్ణి.

తమాషా ఏమిటంటే, సైకిలు మొదట్లో ఇలా లేదు. 1870లలో ఇంగ్లండులో ముందు చక్రం మనిషంత, వెనక చక్రం పళ్ళెమంత ఉండే సైకిళ్ళు వచ్చాయి. జేమ్స్ స్టార్లీ చేసిన ‘ఏరియల్’ వాటిలో పేరున్నది. వాటికి గొలుసు లేదు. పెడళ్ళు నేరుగా ముందు చక్రం ఇరుసుకే ఉండేవి. ఒక్క చుట్టు తొక్కితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం కావాలంటే పెద్ద చక్రం కావాలి, చక్రం ఎంత పెద్దదుండాలో కాలు చెబుతుంది. అందుకే దుకాణానికి పోతే ముందు కాలు కొలిచేవారు. పొడుగు కాళ్ళవాడికి 56 అంగుళాల చక్రం, పొట్టివాడికి 48. ఒకరిది ఇంకొకరు తొక్కడం కష్టం. కాలి పొడవును బట్టే వేగం వచ్చే ఆ లోకంలో పొట్టివాళ్ళ బాధ ఊహించుకోవచ్చు.

1885లో జేమ్స్ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ తెచ్చాడు. రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, మధ్యలో గొలుసు. ఇక కాలికీ చక్రానికీ సంబంధం లేదు. ముందు పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కు 18 ఉంటే, ఒక చుట్టు తొక్కితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం 68 అంగుళాల చక్రంలా పనిచేస్తుంది. (గేరును ఇప్పటికీ అంగుళాల్లో కొలిచేవాళ్ళున్నారు. ఆ పాత పెద్ద చక్రం వదిలిపోయిన లెక్క అది.) పొట్టివాళ్ళకు గొలుసు చేసిన మేలు అంతా ఇంతా కాదు. కానీ అదే గొలుసు కాలు కొలిచే అలవాటును కూడా మాన్పించింది. అందరికీ ఒకటే కొలత చాలనుకున్నారు, ఫ్యాక్టరీలకు అదే కావలసి వచ్చింది.

సిరిసిల్లవాళ్ళకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. గుంట మగ్గం నేతగాడి ఒంటికి కుదిరి ఉండేది. అంచు మీద కూర్చుంటే కాళ్ళు గుంటలోకి దిగాలి, తొక్కుడు చెక్కలు పాదాలకు అందాలి. గుంట లోతు చాలకపోతే ఇంకాస్త తవ్వుతారు, ఎక్కువైతే పూడుస్తారు. తర్వాత భివండీ, షోలాపూర్‌లలో పనిచేసి వచ్చినవాళ్ళ వెంట మరమగ్గం వచ్చింది. సిరిసిల్ల మాటలో సాంచె. సాంచె ఎవరి కాలూ అడగదు. దాని ఎత్తు దానిదే. పొద్దంతా నిలబడి నాలుగు సాంచాల మధ్య తిరిగేవాడు పొట్టివాడైతే మునివేళ్ళ మీద లేవాలి, పొడుగువాడైతే వంగాలి. ఇటు ఆలేరులో చింతకింది మల్లేశం చేసిన లక్ష్మీ ఆసు యంత్రం దీనికి ఎదురుదారిన నడిచింది. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యాడించి తల్లి భుజం నొప్పి పడుతుంటే చూడలేక చేసిన యంత్రమది. మనిషి నొప్పి దగ్గర మొదలైంది. అలాంటివి అరుదు.

ఇప్పుడు నా మోకాలి సంగతి. నలభై దాటాక, ఆరోగ్యమని, నగరంలో ఒక పెద్ద దుకాణంలో గేర్ల సైకిలు కొన్నాను. ఖరీదైనదే. దుకాణంలో ఎవరూ నా కాలు కొలవలేదు, నేనూ అడగలేదు. ఉన్నదాంట్లో రంగు నచ్చింది తీసుకున్నాను. ఊరికి తెచ్చి, పొద్దున్నే జగిత్యాల నుంచి కోరుట్ల రోడ్డెక్కితే, ఇరవై కిలోమీటర్లు దాటేసరికి మోకాలి చిప్ప కింద సూది గుచ్చినట్టుండేది. చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారేవి. నెల రోజులు ఓర్చుకున్నాను. కోరుట్లలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పంచర్లు వేసే ఒక ముసలి మిస్త్రీ దగ్గర గాలి కొట్టించుకుంటుంటే ఆయన సైకిలును కాదు, నన్ను కిందికీ మీదికీ చూశాడు.

“గిది నీ సైకిలేనా బేటా?”

“నాదే చాచా. కొత్తది.”

“కొత్తదైతె అయితది. నీదెట్లయితది? నీ కాలు ఎంతున్నదో దానికి ఎర్కనే లేదు.”

టేపు లేదు, లెక్క లేదు. నన్ను సైకిలు పక్కన నిలబెట్టి, కుడి చేతి వేళ్ళ కొసలు క్రాంకు ఇరుసుకు ఆనించి చెయ్యి చాపమన్నాడు. సీటు చంకలోకి రావాలి. నాది రెండు వేళ్ళు కిందే ఆగింది. తర్వాత మోచేయి సీటు ముక్కుకు ఆనించి, వేళ్ళు హ్యాండిలు వైపు చాపమన్నాడు. వేళ్ళ కొసకూ హ్యాండిలుకూ మధ్య జానెడు ఖాళీ. ‘అందుకే వంగుతున్నవ్’ అని పానా తీశాడు. సీటు లేపాడు, కాస్త ముందుకు జరిపాడు. హ్యాండిలును మోసే ఇనుప మెడ పొడుగ్గా ఉంది, పాత సామాన్లలోంచి పొట్టిది వెతికి వేశాడు. అరగంట పని.

చంక కొలతకు పుస్తకాల్లో పెద్ద గౌరవం లేదు. కానీ మనిషి చెయ్యీ కాలూ ఇంచుమించు ఒకే పాళ్ళలో పెరుగుతాయి కాబట్టి మొదటి ఉజ్జాయింపుకు అది పనికొస్తుంది. కాస్త సూక్ష్మంగా కావాలంటే రెండు దారులున్నాయి. 1967లో బ్రిటన్‌లో హామ్లీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషులను రకరకాల సీటు ఎత్తులతో తొక్కించి చూశారు. పెడల్ ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా, కాలి లోపలి పొడవులో 109 శాతం ఉన్నప్పుడు పని బాగా సాగిందన్నారు. రెండోది పోటీ సైకిలిస్టుల సూత్రం. ఫ్రెంచి కోచ్ సిరిల్ గిమార్‌ది, మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రసిద్ధమైంది. కాలి పొడవును 0.883తో గుణించి, క్రాంకు ఇరుసు నుంచి సీటు దాకా అంత ఉంచాలి. 76 సెంటీమీటర్ల కాలికి ఈ లెక్క 67.1 ఇస్తుంది. మొదటి లెక్క 82.8, అందులోంచి 16.5 సెంటీమీటర్ల క్రాంకు తీసేస్తే 66.3. రెండింటికీ తేడా సెంటీమీటరు లోపే. ఇక లెక్కలే వద్దనుకునేవాళ్ళు గోడ పట్టుకుని సీటెక్కి, పెడల్‌ను అడుగుకు తెచ్చి, దాని మీద మడమ ఆనించండి. మోకాలు పూర్తిగా చాచుకుంటే చాలు. తొక్కేటప్పుడు మడమ కాదు, పాదం ముందు భాగం పెడల్ మీదుంటుంది గనుక, మోకాలు తనంతట తానే కొద్దిగా వంగుతుంది. 25 నుంచి 35 డిగ్రీల వంపు మంచిదని వైద్యులంటారు.

ఎందుకింత పట్టింపు? సీటు కిందికుంటే ప్రతి తొక్కుకూ మోకాలు ఎక్కువ మడుస్తుంది. మడిచిన మోకాలి మీద బలం పెడితే చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. మరీ పైకుంటే అడుగు అందడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది, తొడలు ఒరుసుకుంటాయి. ఒక్కసారికి ఇది లెక్కలోకి రాదు. కానీ ఆ నల్ల సైకిలు ఒక చుట్టుకు సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. జగిత్యాల నుంచి కోరుట్లకు ఇరవై కిలోమీటర్లే అనుకున్నా 3,600 పైచిలుకు చుట్లు. పోయి రావడానికి ఏడు వేలు. చెప్పులో ఇసుక రేణువు పెట్టుకుని ఏడు వేల అడుగులు నడిస్తే ఏమవుతుందో అదే ఇక్కడా. ఇక నా వేళ్ళ మొద్దు సంగతి. అరచేతి మడమలో చిటికెన వేలి వైపు ఒక నరం పైపైనే పోతుంది. హ్యాండిలు దూరమైతే ఒళ్ళు ముందుకు వాలి, బరువంతా దాని మీద పడుతుంది. ఆ రెండు వేళ్ళకూ కబురు మోసేది ఆ నరమే.

సగటు మనిషికి చేస్తే చాలదా అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు అమెరికా వాయుసేనలో జవాబు దొరికింది. 1950లో గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకుని, ఎత్తు, ఛాతీ, చెయ్యి పొడవు లాంటి పది కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఎంతమంది ఉన్నారో చూశాడు. ఒక్కడూ లేడు. సగటు పైలట్ కోసం కట్టిన విమానం సీటు ఎవరికోసమూ కట్టింది కాదు. ఆ తర్వాతే విమానాల్లో జరిపే సీట్లు, మార్చే పెడళ్ళు వచ్చాయి. సైకిలు సీటు పైకీ కిందికీ జరుగుతుంది, నిజమే. కానీ క్రాంకు సంగతి చూడండి. 69 సెంటీమీటర్ల కాలున్న ఆమెకూ 86 సెంటీమీటర్ల కాలున్న ఆయనకూ తేడా 25 శాతం. మార్కెట్లో మామూలుగా దొరికే క్రాంకులు 165 నుంచి 175 మిల్లీమీటర్లు. తేడా 6 శాతం. చొక్కాలు ఇలా కుట్టే దర్జీ దగ్గరికి ఎవరైనా రెండోసారి పోతారా?

ఆడవాళ్ళ విషయంలో జరిగింది మరీ అన్యాయం. బారు తీసేసి ‘లేడీస్ సైకిలు’ అన్నారు. అది చీరకు చేసిన కొలత, మనిషికి చేసింది కాదు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. అంత ఎత్తు మనిషికి హ్యాండిలును దగ్గరకు తేవాలంటే ముందు చక్రం అడ్డం, మలుపులో కాలివేళ్ళు టైరుకు తగులుతాయి. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజనీరు దీనికి మందు కనిపెట్టింది. ముందు చక్రమే చిన్నది పెట్టింది. చూడటానికి ఎగుడుదిగుడుగా ఉన్నా పొట్టి ఆడవాళ్ళకు మొదటిసారి చేతులు అందాయి. అయితే కొలత అంటే కాళ్ళూ చేతులే అనుకుంటే పొరపాటు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ అక్కడికి పోయి రాసిన దాంట్లో ఒక ముచ్చట ఉంది. లేడీస్ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళవి తొక్కినవాళ్ళు కొందరు వాటినే మెచ్చుకున్నారు. బారు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కదా! ఒంటికి కాకపోయినా సంసారానికి కుదిరిన సైకిలది. కోరుట్లలో బీడీల గంప కార్ఖానాకు చేర్చే ఆమెను అడిగితే ముందు క్యారియర్ వెడల్పు గురించి చెబుతుందేమో.

పూర్తిగా ఒక మనిషి కోసమే ఫ్రేము కట్టేవాళ్ళు లోకంలో ఇప్పటికీ ఉన్నారు. కాళ్ళు, మొండెం, చేతులు, భుజాల వెడల్పు కొలిచి, ఉక్కు గొట్టాలను ఆ ప్రకారం కోసి, మూలల్లో ఇత్తడి కరిగించి అతుకుతారు. ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీల దాకా పోవాలి, ఇత్తడికి 900 చాలు. కాబట్టి గొట్టం కరగదు, అతుకు మాత్రం పారుతుంది. కరీంనగర్ వెండి తీగ పనివాళ్ళకు ఇందులో కొత్తగా తోచేదేమీ ఉండదు. అలాంటి సైకిలు ఎక్కినవాళ్ళంతా ఇంచుమించు ఒకే మాట అంటారు. తొక్కుతున్నట్టే లేదు అని.

మురిపెంగా అనే మాటే అయినా దీనికి నరాల లెక్క ఉంది. మన మెదడు ఒంటి హద్దులను ఎప్పటికప్పుడు గీసుకుంటూ ఉంటుంది. 1996లో జపాన్‌లో అత్సుషి ఇరికి బృందం కోతులకు చిన్న దంతె లాంటి కర్రతో తిండి లాక్కోవడం నేర్పింది. చెయ్యి దగ్గరికి ఏదైనా వస్తే మేలుకునే నరకణాలు, కర్ర వాడుతున్నప్పుడు కర్ర కొస దాకా ఉన్న జాగాకూ మేలుకున్నాయి. చేతిలో కర్ర కాసేపటికి చెయ్యే అయింది. మగ్గం మీద నాడె విసిరే నేతగాడు నాడెను చూడడు, బట్ట అంచును చూస్తాడు. సైకిలూ అంతే. కానీ ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టిందా, ధ్యాస అక్కడికి పోతుంది, అతుకు ఊడుతుంది. చాచా సీటు లేపిన మర్నాడు నేను పసుపు చేల మధ్య మెట్‌పల్లి దాకా పోయాను. దారిలో సైకిలు గుర్తొచ్చింది ఒక్కసారే, కుక్క అడ్డమొచ్చినప్పుడు.

నేను చూసిన అసలైన కొలత సైకిలు మాత్రం సిరిసిల్లలో మా చిన్నాయినది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు రెండంగుళాలు పొట్టిదైంది. సాంచాల్లో పని. నడిస్తే ఒరిగేవాడు, సైకిలెక్కితే ఇంకా ఒరిగేవాడు, ఎందుకంటే ఎడమ పెడల్ అడుగుకు పోయిన ప్రతిసారీ కాలు దాన్ని వెతుక్కోవాలి. షెడ్డు దగ్గరి మిస్త్రీ ఒకాయన పగిలిన పాత నాడెను అడిగి తీసుకున్నాడు. నాడె కట్టె గట్టిది, రోజుకు వేలసార్లు దెబ్బ తినేది. దాన్ని కోసి ఎడమ పెడల్ మీద ముక్క బిగించాడు. మొదటి రోజే చిక్కు వచ్చింది. బరువు ఒకే పక్క ఉండటంతో కాలు తీయగానే పెడల్ తిరగబడి కట్టె కిందికి పోయేది. మర్నాడు రెండో ముక్క కింద కూడా బిగించాడు. ఇక ఏ పక్క మీదికొచ్చినా ఒకటే.

ఎత్తు కుదరడానికి మాత్రం వారం పట్టింది. రెండంగుళాలకు రెండంగుళాలూ వేస్తే అడుగున బాగానే ఉంది గానీ, పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు ఛాతీకి కొట్టుకున్నట్టయ్యేది. రోజూ కొంచెం చెక్కించుకుని, తొక్కి చూసి, మళ్ళీ చెక్కించుకుని, చివరికి ఒకటిన్నర అంగుళం దగ్గర ఆగారు. కాలి పొట్టితనాన్ని పూర్తిగా పూడ్చకుండా కొంత వదిలేయడమే మంచిదని సైకిలు కొలతలు చూసే వైద్యులు కూడా చెబుతారు. వాళ్ళిద్దరికీ అది చెక్కగా చెక్కగా తెలిసింది.

నేనొకసారి ఆ సైకిలెక్కాను. ఎడమకాలు పైకొచ్చిన ప్రతిసారీ తొడ ఎగిరిపడింది, పది గజాల్లో మోరీలోకి పోయాను. చిన్నాయిన కడుపు పట్టుకుని నవ్వాడు. నా చేతిలోంచి సైకిలు తీసుకుని, బారు మీద నన్ను కూర్చోబెట్టుకుని, కొంచెం కూడా ఒరగకుండా నేతన్నల వాడ దాకా పోయాడు. సాంచాల షెడ్డు ముందు రాత్రి షిఫ్టులో నలభై సైకిళ్ళుండేవి. తాళం లేనిది ఆయనదొక్కటే.